బానెట్ మీద శ్రీ

"ఈ మూడింటిలో ఒక్కటి చెప్పు" అన్నారు మిస్ లిమ్, మూడు సీసాలు నా బల్ల మీద వరసగా పెట్టి. "ఇంటి దగ్గర సొంతంగా కారు తుడుచుకునేవాళ్ళకి అమ్మేది. నువ్వు ఏది అంటే దానికే ఆర్డర్ పెడతాను. మూడు వారాల టైమ్."

ఆవిడ మా మేనేజరు. సింగపూర్‌లో, జురాంగ్ అనే పేటలో ఒక గోదాం పైన నాలుగు గదులు మా ఆఫీసు. కార్లు కడిగే షాంపూలు, స్పాంజీలు, రంగు పాడవకుండా పైన పూసే కోటింగులు తెప్పించి దుకాణాలకి వేస్తాం. తెప్పించే ముందు పరీక్ష చేసి చూడడం నా పని. నా ఆరు నెలల ప్రొబేషన్ సరిగ్గా ఆ మూడు వారాలతో పూర్తవుతుంది. రిపోర్టు కింద మొదటిసారి నా ఒక్కడి పేరే ఉంటుంది. అది నిలబడితే ఉద్యోగం ఖాయం, లేకపోతే లేదు. మిస్ లిమ్ ఆ మాట దాచలేదు. "ఇదే నీ పరీక్ష అనుకో" అన్నారు.

పరీక్ష అంటే నాకు భయం లేదు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెయ్యడం, చేసింది చేసినట్టు రాయడం, ఈ రెండూ నాకు బాగా వచ్చు.

మొదటిది డబ్బాలో గట్టిగా ఉండే మైనం. రెండోది స్ప్రే, చల్లి తుడిస్తే చాలు. మూడోది సిరామిక్ కోటింగ్. దగ్గు మందు సీసా కన్నా చిన్న గాజు సీసాలో వస్తుంది. చుక్క చుక్కగా గుడ్డ మీద వేసి రాయాలి, ఒకటి రెండు నిమిషాల్లో మీద ఇంద్రధనుస్సు రంగులు తేలతాయి, అప్పుడు వెంటనే తుడిచెయ్యాలి. ఆలస్యమైతే మరక గట్టిపడుతుంది. ఒకసారి గట్టిపడ్డాక ఏళ్ళ తరబడి ఉంటుంది.

రంగు వేసిన ఇనప రేకుల మీద మూడూ పూశాను. ఎండలో పెట్టాను, వానలో పెట్టాను. యాభై సార్లు షాంపూతో కడిగాను. రెట్ట మరకల్ని ఏది ఆపుతుందో చూడడానికి మైనా పిట్టల రెట్ట కావాల్సి వచ్చి, వారం రోజులు పొద్దున్నే పార్కింగ్ బిల్డింగ్ పై అంతస్తులో చెంచా, డబ్బీ పట్టుకుని తిరిగాను. అక్కడ ఊడ్చే పెద్దాయన రెండు రోజులు చూసి, మూడో రోజు జాలిపడి తనకి కనబడినవన్నీ నాకు చూపించడం మొదలుపెట్టాడు.

మైనం పన్నెండో కడుగుడుకి పోయింది. స్ప్రే ముప్పయ్యో కడుగుడు దాకా లాగింది. సిరామిక్ మీద మాత్రం యాభయ్యో కడుగుడు తరవాత కూడా నీటి బొట్టు సగ్గుబియ్యం గింజలా గుండ్రంగా నిలబడింది. ఇక అనుమానం ఏముంది?

శుక్రవారం సాయంత్రం మిస్ లిమ్‌తో చెప్పాను, "మూడోది మేడమ్."

"నమ్మకమేనా?"

"నమ్మకమే."

"సోమవారం పొద్దున రాసి తీసుకురా. పది గంటలకి ఆర్డర్ పెట్టేస్తా."

* * *

నేను జురాంగ్ వెస్ట్‌లో సుధాకరరావు అంకుల్ వాళ్ళ ఫ్లాట్‌లో ఒక గది అద్దెకి తీసుకుని ఉంటాను. అంకుల్‌ది తెనాలి దగ్గర. పద్దెనిమిదేళ్ళ క్రితం ఇక్కడికి వచ్చి, ఇన్నాళ్ళూ బస్సులూ ట్రెయిన్లే ఎక్కారు. సింగపూర్‌లో కారు కొనడమంటే ముందు కొనుక్కునే హక్కు కొనుక్కోవాలి. ఆ హక్కుకైనా పదేళ్ళే ఆయుష్షు. అలాంటిది గురువారం ఆయన తెల్ల కారు ఒకటి కొని తెచ్చారు. తెచ్చిన దగ్గర్నించీ గంటకోసారి పార్కింగ్ నాలుగో అంతస్తుకి వెళ్ళి చూసి వస్తున్నారు.

"ఎక్కడికండీ మళ్ళీ?" అంటారు సత్యవాణి ఆంటీ.

"ఊరికే. బాగానే ఉందో లేదో."

"దానికేమన్నా జలుబు చేసిందా?"

శుక్రవారం నేను గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే అంకుల్ పట్టుకున్నారు. "ఏమయ్యా గంగాధర్, పరీక్షలు చేశావుగా. ఏది ఫస్టు?"

"మూడోది అంకుల్. సిరామిక్."

"అయితే నా బండికి అదే వెయ్యి. క్లాస్ ఫస్టు తప్ప ఇంకోటి ఒద్దు నాకు."

నాకూ సంతోషమే. రేకుల మీద కాకుండా నిజమైన కారు మీద వేస్తే రిపోర్టుకి ఫొటోలు వస్తాయి. శనివారం మధ్యాహ్నం కింద వాష్ బేలో కారు కడిగి, పైకి తెచ్చి, మూడింటి నించి ఆరింటి దాకా వేశాను. నా చేతులు పడిపోయాయి. కారు మాత్రం పాలమీగడలా వచ్చింది. అంకుల్ చుట్టూ మూడు సార్లు తిరిగారు. ప్రదక్షిణం అనుకోవచ్చు.

"ఒక్కటే జాగ్రత్త అంకుల్. రేపు సాయంత్రం దాకా చుక్క నీరు తగలకూడదు."

"చుక్క కాదు, చెమ్మ కూడా తగలనివ్వను" అన్నారు ఆయన. ఇంటికి రాగానే నేను వింటుండగానే అందరికీ ప్రకటించారు. "విన్నారా? కారుకి నీళ్ళు నిషిద్ధం. మహతీ, నీకూను!"

వాళ్ళమ్మాయి మహతి పాలిటెక్నిక్ చదువుతోంది. ఫోన్ లోంచి తల ఎత్తకుండా, సింగపూర్ యాసలో, "ఐ డోంట్ ఈవెన్ వాష్ మై ఓన్ ప్లేట్, లా" అంది.

* * *

ఆదివారం తొమ్మిదిన్నరకి తలుపు చప్పుడైంది. మహతి.

"అన్నా, కిందకి రా. డాడీ ఈజ్ నాట్ టాకింగ్."

సుధాకరరావు అంకుల్ మాట్లాడకపోవడం అంటే చిన్న విషయం కాదు. నేను లుంగీ మార్చుకుని పరుగెత్తాను.

కారుకి బంతిపూల దండ వేసి ఉంది. చక్రాల కింద నలిగిన నిమ్మకాయలు. కొబ్బరికాయ నేల మీద చిందకుండా ప్లాస్టిక్ సంచిలో పెట్టి కొట్టారు, ఆ సంచి పక్కన ఉంది. ఏడుంబావుకి ముహూర్తమట, వాహన పూజ అయిపోయింది. నేను ముందురోజంతా రుద్ది అలసిపోయానని ఆంటీయే నన్ను లేపవద్దన్నారట.

బానెట్ నడిమధ్య జానెడు ఎత్తున, ఎర్రగా, ముచ్చటైన చేతిరాతతో "శ్రీ" అని ఉంది. దాని కింద అయిదు బొట్లు.

అంకుల్ చేతిలో గుడ్డ ఉంది. ఒక్క మాట లేకుండా ఆ గుడ్డతో "శ్రీ" మీద రుద్ది చూపించారు. గుడ్డ తెల్లగానే ఉంది. శ్రీ ఎర్రగానే ఉంది.

"ఆంటీ," అన్నాను, "నీళ్ళు తగలకూడదని చెప్పాను కదండీ."

ఆంటీకి కోపం వచ్చింది. "చుక్క నీళ్ళు తగలనిస్తే ఒట్టు! నీళ్ళు ఒద్దన్నావనే కదా నువ్వుల నూనెతో కలిపాను, ఆంజనేయస్వామికి సింధూరం కలిపినట్టు! కలశంలో నీళ్ళు కూడా చల్లలేదు. పంతులుగారు ఫోన్లో చల్లమంటే, మా ఇంజనీర్ ఒప్పుకోడండీ అని చెప్పాను."

నేను చెప్పింది చెప్పినట్టు ఆవిడ చేశారు. నీరు ఒద్దన్నాను, నూనె ఒద్దనలేదు. పదమూడు గంటలే అయింది కాబట్టి కోటింగ్ ఇంకా మెత్తగానే ఉంది. నూనె కుంకుమ రంగుని అందులోకి మోసుకుపోయింది. రెండు గంటలు గడిచేసరికి అది అక్కడే గట్టిపడడం మొదలుపెట్టింది.

"మరి ఎన్నాళ్ళుంటుందయ్యా ఇది?" అన్నారు అంకుల్, మొదటిసారి నోరు విప్పి.

"అయిదేళ్ళు" అనేశాను. అది సీసా మీద రాసిన మాట.

మహతి నవ్వు ఆపుకోలేకపోయింది. "వావ్. పర్మనెంట్ ఆల్రెడీ. డాడీ, కనీసం పార్కింగ్‌లో మన కార్ ఈజీగా కనబడుతుంది."

నాకు మాత్రం నవ్వు రాలేదు. నా కళ్ళ ముందు ఒకటే కనబడుతోంది. రేపు పది గంటలకి ఇదే సీసాకి ఆర్డర్ వెళుతుంది. నా పేరుతో.

* * *

నేను మా నాన్నకి వీడియో కాల్ చేశాను. ఆయన పేరు అప్పయ్య. విజయవాడ ఆటోనగర్‌లో లారీలకి రంగులు వేస్తారు, ముప్పయ్యేళ్ళుగా. అక్కడ ఇంకా ఏడున్నర, షెడ్డు ముందు టీ తాగుతున్నారు. ఫోన్ బానెట్ వైపు తిప్పాను.

ఫోన్ దగ్గరికి తెచ్చుకుని చూశారు. "రాత బాగుంది" అన్నారు. "ఎవరు రాశారు?"

"ఇంటావిడ నాన్నా."

"మరి నువ్వెక్కడ చచ్చావ్?"

"నిద్రపోతున్నా."

"పూజయ్యేదాకా రంగేసినోడు నిద్రపోకూడదురా! కొత్త రంగు బండిని బొట్టు పెట్టకుండా ఎవడన్నా రోడ్డెక్కిస్తాడా? ఆళ్ళు పెడతారు. తప్పు ఆళ్ళది కాదు. అందుకే కదా తాళాలిచ్చే ముందు మనమే అద్దం మీద పెట్టేసేది. నువ్వు కుంకుమ భరిణె పట్టుకుని నించునేవోడివి, గుర్తు లేదా?"

గుర్తుంది. సెలవుల్లో ఎన్నిసార్లు పట్టుకున్నానో లెక్కలేదు. నాన్న ముందుగా అద్దానికి బొట్టు పెట్టి, డ్రైవర్‌తో "దేవుడు అద్దంలో ఉన్నాడు, రంగు జోలికి రాకు, మూడ్రోజులు" అనేవారు. యాభై సార్లు కడిగిన నాకు ఆ ఒక్కటి తట్టలేదు. నేను పరీక్ష చేసింది కోటింగ్‌ని. అది వేసుకునే మనుషుల్ని కాదు.

"ఇప్పుడేం చెయ్యాలి?"

"చెయ్యడానికేముంది, పాలిష్ కాంపౌండ్ పెట్టి రుద్దు. నీడన. వేళ్ళతో నొక్కమాక, గుంటలు పడతాయి. అరచెయ్యి వెయ్యి." టీ గ్లాసు కింద పెట్టి మళ్ళీ అన్నారు, "ముందు ఆ అమ్మగారిని అడుగు. ఆవిడ రాసిన శ్రీ అది."

అడిగాను. అనుకున్నంతా అయింది.

"కారు తెచ్చి నాలుగు రోజులు కాలేదు, లక్ష్మీదేవిని రుద్ది పారేస్తావా?" అన్నారు ఆంటీ.

"పారెయ్యొద్దు ఆంటీ. అద్దం మీదకి మార్చండి."

అంకుల్ అందుకున్నారు. "వినాయకుడి బొమ్మని కదిపి ఉద్వాసన చెప్పట్లేదూ? అలాగే."

ఆంటీ ఆలోచించారు. కారు ముందు అద్దం మీద మూలగా, డ్రైవర్‌కి అడ్డు రాకుండా, చిన్న శ్రీ రాశారు. పెద్ద శ్రీ మీద నాలుగు అక్షింతలు వేసి, కళ్ళు మూసుకుని, "అమ్మా, ఏమనుకోకు. కాస్త ఇటు జరుగు. ఇక్కడ ఏసీ కూడా తగుల్తుంది" అన్నారు. కళ్ళు తెరిచి నాతో, "ఊఁ, కానియ్" అన్నారు.

గంటంబావు పట్టింది. అరచేత్తో, పాలిష్‌తో, చిన్న చిన్న చుట్లుగా. మొదట బొట్లు పోయాయి, తరవాత శ్రీ లోని కొమ్ములు పోయాయి, ఆఖరికి నడుము పోయింది. దాంతోపాటు నా మూడు గంటల కోటింగ్ కూడా అక్కడ పోయింది.

"మళ్ళీ వేస్తావా?" అన్నారు అంకుల్, ముఖం ఇప్పుడు కాస్త తేటపడింది. నేను జవాబిచ్చేలోగా ఆయనే, "ఒద్దులే. క్లాస్ ఫస్టులు మనతో కలవరు. రేపు నువ్వు గది మారి యీషునో, చోవా చూ కాంగో వెళ్ళిపోతే దీన్ని ఎవరు రుద్దుతారు? నాకు చేతనైనది ఒకటి చెప్పు" అన్నారు.

ఆ మాటతో నేను గదిలోకి పరిగెత్తి మూడు సీసాలూ, మిగిలిన రేకులూ తెచ్చాను.

* * *

మధ్యాహ్నం భోజనాలయ్యాక హాల్లో పాత పేపర్లు పరిచి ముగ్గురినీ కూర్చోబెట్టాను. ఒక్కొక్కరూ మూడూ వెయ్యాలి, సీసాతో వచ్చిన కాగితం చదువుకుని.

అంకుల్ మైనం డబ్బా తీసి అట్టు మీద వెన్న రాసినంత మందంగా రాశారు. "అంకుల్, పల్చగా!" అన్నాను. ఆంటీ సిరామిక్ చక్కగా రాసి, కాగితంలో తరవాత ఏం ఉందో చూడడానికి కళ్ళజోడు కోసం వెళ్ళారు. వచ్చేసరికి రేకు మీద నల్లటి మరకలు కట్టాయి. "ఆంటీ, ఇప్పుడే తుడవాలి, ఇప్పుడే!" అని అరిచాను. మహతి ఒక చేత్తో స్నేహితురాలికి మెసేజ్ కొడుతూ, ఇంకో చేత్తో స్ప్రే చల్లి తుడిచేసింది. "డన్. నెక్స్ట్?" రేకు మీద ఒక్క గీత లేదు.

గంట ఆగి అన్నిటి మీదా ఆంటీ చేతే నూనె కుంకుమ పెట్టించాను. ఆంటీ అన్నిటి మీదా శ్రీ రాస్తే చెరపడానికి మళ్ళీ ఉద్వాసన అంటారని భయపడి, బొట్లు చాలన్నాను. ఇంకో రెండు గంటలకి తుడిచి చూస్తే, స్ప్రే మీద బొట్టు సబ్బు నీళ్ళతో పోయింది. మైనం మీద లేత గులాబీ మచ్చ ఉండిపోయింది. సిరామిక్ సంగతి తెలిసిందే.

రాత్రి భోజనం వేళకి రిపోర్టు తిరగరాశాను. అంకెలు ఒక్కటీ మార్చలేదు. కింద ఇంకో పేజీ చేర్చి, మొదటి స్థానంలో స్ప్రే పెట్టాను. రెండుసార్లు చదువుకున్నాను. శుక్రవారం "నమ్మకమే" అన్నవాడు సోమవారం మాట మారిస్తే ప్రొబేషన్ ఏమవుతుందో నాకు తెలుసు. అయినా పేరు నాదే కదా.

* * *

సోమవారం తొమ్మిదికి మిస్ లిమ్ చివరి పేజీ ముందు చదివారు. కళ్ళజోడు పైకి నెట్టారు.

"శుక్రవారం మూడోది అన్నావు."

"తప్పు చెప్పాను మేడమ్. ఎక్కువ కాలం నిలిచేది అదే. కానీ ఇంట్లోవాళ్ళు వేస్తే పొరపాట్లు జరుగుతాయి. దాని మీద జరిగిన పొరపాటు వాళ్ళంతట వాళ్ళు దిద్దుకోలేరు."

బానెట్ ఫొటో చూపించాను. ఆవిడ పెద్దది చేసి చూశారు. "ఇదేమిటి, బ్రాండ్ పేరా?"

"దేవత పేరు మేడమ్."

"ఓ." ఫోన్ రెండు చేతులతో మర్యాదగా తిరిగి ఇచ్చారు. పేజీ మళ్ళీ తిప్పారు. "ఈ ముగ్గురూ వేస్తున్నప్పుడు నువ్వు పక్కనే ఉన్నావా?"

"ఉన్నాను."

"మాట్లాడావా?"

అబద్ధం చెప్పొచ్చు. "మాట్లాడాను. చాలా."

"అయితే ఇది పరీక్ష కాదు. కొనుక్కున్నవాళ్ళింటికి నువ్వు వెళ్ళి అరవవు కదా." ఆవిడ గడియారం చూసుకుని సొరుగులోంచి కారు తాళాలు తీశారు. "రా. సీసాలు తీసుకురా. నేను వేస్తాను, ఇన్నేళ్ళలో నా కారు నేనెప్పుడూ తుడవలేదు. నువ్వు ఒక్క మాట మాట్లాడావంటే మూడోదానికే ఆర్డర్."

గోదాం ముందు ఆవిడ నల్ల కారు ఎండలో ఉంది. నీడలోనే వెయ్యాలని కాగితం మీద మొదటి వాక్యం. ఆవిడ రెండో వాక్యం నించి చదవడం మొదలుపెట్టారు. నేను చేతులు వెనక్కి కట్టుకున్నాను.

కాలుతున్న బానెట్ మీద స్ప్రే చల్లారు, మొక్కలకి నీళ్ళు పోసినట్టు. అది క్షణంలో ఆరి తెల్లటి చారలు కట్టింది. నేను నాలుక కొరుక్కున్నాను. ఆవిడ నా వైపు చూశారు. నేను ఆకాశం వైపు చూశాను. ఆవిడ కాగితం మళ్ళీ చదివి, "ఐయా" అని తనలో తనే అనుకుని, కారుని గోదాం చూరు కిందకి తెచ్చి ఆపారు. తడి గుడ్డతో ఒకసారి, పొడి గుడ్డతో ఒకసారి తుడిచారు. చారలు పోయాయి. నల్ల రంగు మీద ఆవిడ ముఖం కనబడింది. ఆవిడ జుట్టు సవరించుకున్నారు కూడా.

తరవాత డిక్కీ మీద సిరామిక్. ఈసారి జాగ్రత్తగా మొదటి వాక్యం నించే చదివారు. చుక్కలు వేశారు, అడ్డంగా, నిలువుగా రాశారు. నా కన్నా నీటుగా. ఇంద్రధనుస్సు రంగులు తేలుతుండగా ఆవిడ ఫోన్ మోగింది. సరుకు పంపేవాళ్ళు. ఆవిడ అటు తిరిగి మాట్లాడుతున్నారు. రంగులు మసకబారుతున్నాయి. చెప్పనా? నా రిపోర్టు నెగ్గాలంటే చెప్పకూడదు, కారు బాగుండాలంటే చెప్పాలి. గుడ్డ పట్టుకుని రెండడుగులు ముందుకు వేశాను. ఆవిడ ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని నా వైపు వేలు చూపించారు. ఆగిపోయాను.

నాలుగు నిమిషాల తరవాత వచ్చి తుడిస్తే గుడ్డ జారింది గానీ, మరక కదల్లేదు. అరచెయ్యంత మసక మచ్చ. ఆవిడ గోటితో గీకి చూశారు.

"ఇప్పుడు మాట్లాడు. పోతుందా?"

"పోతుంది మేడమ్. పాలిష్ పెట్టి గంట రుద్దాలి."

"కొనుక్కున్నవాడు రుద్దుతాడా?"

"దుకాణానికి తిరిగి తెస్తాడు. అక్కణ్ణించి మన దగ్గరకి."

ఆవిడ పెద్దగా నవ్వారు. ఆఫీసులో ఆ నవ్వు నేను ఎప్పుడూ వినలేదు. రిపోర్టు తీసి పెన్ను పట్టుకుని, ఆనించడానికి బానెట్ వైపు తిరిగారు. "దాని మీద ఒద్దు!" అని అరిచాను, నా ప్రమేయం లేకుండానే. ఆవిడ ఆగి, నా వైపు చూసి, స్తంభానికి ఆనించి సంతకం చేశారు.

"ఇళ్ళకి రెండోది. మూడోది పని తెలిసిన వర్క్‌షాపులకే అమ్ముదాం, పెట్టె మీద పెద్దక్షరాలతో ఆ మాట వేయించు. కాగితం కొత్తది నువ్వే రాయి. నాలాగ రెండో వాక్యం నించి చదివేవాళ్ళకి కూడా అర్థమయ్యేట్టు." రిపోర్టు నాకు ఇస్తూ, "ఉద్యోగం లెటర్ మధ్యాహ్నం వస్తుంది. నీ పేరు స్పెల్లింగ్ అడుగుతారు, సరిగా చెప్పు" అన్నారు.

"థాంక్యూ మేడమ్."

"దానికి ముందు నా డిక్కీ సంగతి చూడు."

నేను రిపోర్టుని గాలికి ఎగరకుండా పాలిష్ డబ్బా కింద పెట్టబోయి, మరక పడుతుందని మానేసి, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను. చేతులు పైకి మడిచి డిక్కీ వైపు నడిచాను.